నేను ముగ్గు వెయ్యని రోజు

మా ఎదురింటి వదిన నన్ను రెండు మాటలంది. మొదటిది మా ఆవిడ పోయిన రెండో నెలలో, రెండోది మొన్నటి శ్రావణంలో. రెండూ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆవిడకి ఒక్కటీ గుర్తు లేదట. అన్నవాళ్ళకి ఎందుకు గుర్తుంటాయి?

మొదటి మాట వీధి కుళాయి దగ్గర, నలుగురూ వింటుండగా అంది. మా వాకిలి వైపు గెడ్డం ఎత్తి చూపించి, "ఆడదిక్కు నేని కొంప ఇలాగే ఉంటాది" అంది. నేను బిందె నింపుకుని వచ్చేశాను. మర్నాడు చీకటితోనే లేచి, వాకిలి ఊడ్చి, మగ్గుతో కళ్ళాపి చల్లి, పీట వేసుకుని కూర్చుని చుక్కలు పెట్టాను. డెబ్బై దాటిన మగాడు వాకిట్లో ముగ్గు వెయ్యడం మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. చూశారు. నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను. ఆ రోజు మొదలు మూడేళ్ళపాటు ఒక్క పూట తప్పలేదు.

మా ఊరు గుణుపూర్ నుంచి పద్మపూర్ వెళ్ళే దారిలో ఉంటుంది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నారు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ కలిపి మాట్లాడతాం. నేను బ్లాకు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను కాబట్టి కాయితాల మీద ఒడియా నాకు వీళ్ళందరికంటే బాగా వచ్చు. వాకిలి విషయంలో మాత్రం మా వాళ్ళది ఇప్పటికీ పాత పద్ధతే. పొద్దెక్కినా ఇంటి ముందు ముగ్గు పడలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఇది మా ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. నేను జీవితంలో మరిచిపోయిన సంగతులు రెండో మూడో ఉంటాయి. అందులో ఇదొకటి. మరిచిపోవడానికి ఆ రోజే దొరికింది.

అంతకుముందు ఆషాఢంలో జరిగింది చెప్పాలి. పెరటి నూతి గట్టు మీద పాచికి కాలు జారి పడ్డాను. ఎముక విరగలేదు గాని ఎడమ మోకాలు పట్టేసింది. లేవలేక అరగంట అక్కడే పడి ఉన్నాను. పిలిస్తే ఎవరికీ వినపడలేదు, వానొకటి. రాయగడలో ఉన్న మా అమ్మాయి విని పరుగెత్తుకొచ్చింది. మా అల్లుడికి అక్కడ బట్టల కొట్టు. కొట్టు కింద, ఇల్లు పైన రెండో అంతస్తులో. ఆ ఇంట్లో నాకో గది ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. గదికి కర్టెన్లు కూడా వేసింది.

"ఇంకొక్కసారి ఏటైనా అయితే నాన్నా, నానింక అడగను. సామాను సర్దీడమే" అంది.

నేను సరేనన్నాను. నా కాలికి కట్టు కట్టడానికి వచ్చిన ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ ఈ ఒప్పందానికి సాక్షి. ఆవిడ సవర పిల్ల, నన్ను ఒడియాలో అజా అని, అంటే తాతా అని, పిలుస్తుంది.

అమ్మాయి ప్రేమను నేను తప్పు పట్టను. గది మంచిదే. కానీ మా ఆవిడ పోయిన కొత్తలో నేను అక్కడ పది రోజులుండి చూశాను. పదిమంది నవ్వుతూ నమస్కారం పెడతారు. నాతో తగువు పడే మనిషి ఒక్కడు లేడు. పొద్దున లేచి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక టీవీ మీద తెచ్చుకునేవాణ్ణి. ఇక్కడైతే కుళాయి ఉంది, పొలం గట్టు తగువుంది, ఎదురింటి వదిన ఉంది. ఈ ఇంట్లో కళ్ళు మూసుకుని ఏ గూట్లో ఏముందో తీయగలను. ఆ మేడ మీద స్విచ్చులు కూడా నాకు తిరగేసి ఉన్నట్టుంటాయి.

ఇక రెండో మాట. మోకాలు వంగక, శ్రావణంలో పీట మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని ముగ్గు వేస్తున్నాను. గీత ఒక చోట మొదలై ఇంకో చోట తేలుతోంది. వదిన వాళ్ళ అరుగు మీద చింతపండు ఈనెలు తీస్తూ చాలాసేపు చూసింది.

"ఏటి మరిదీ, కప్ప గెంతినట్టుంది నీ ముగ్గు" అంది.

మూడేళ్ళు. ఎండలో, వానలో, జ్వరంలో. మర్నాడు నేను ముగ్గు వెయ్యలేదు. తలుపు లోపల గడియ పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాను. కప్ప లేకపోతే వాకిలి ఎంత బాగుంటుందో చూసుకోమన్నాను, మనసులో.

కాసేపటికి తలుపు చప్పుడయింది. మరిదీ మరిదీ అని వదిన మూడుసార్లు పిలిచింది. క్షమించమని అడగడానికి వచ్చిందనుకుని పలకలేదు. మూడుసార్లకే పలికితే లోకువైపోమూ? తరవాత వంటింట్లో ఛార్జింగు పెట్టిన ఫోను మోగింది. ఫోనులో కూడా బతిమాలుతోందని సంతోషించాను. ఆ తరవాత వాకిట్లో అడుగుల చప్పుడు ఎక్కువైంది. మగగొంతులు. ఒకరు నిన్న సాయంత్రం బాగానే ఉన్నాడే అన్నారు. ఇంకొకరు ఈ కుళాయి కోసం తొమ్మిది అర్జీలు రాసింది ఈయనే కదా, నీళ్ళొచ్చింది ఈయన వల్లే కదా అన్నారు. బతికుండగా ఒక్కడు అనలేదు ఆ మాట. అది విన్నాక గాని నాకు సంగతి బోధపడలేదు. బోధపడ్డాక వెంటనే లేవాలి, నిజమే. కానీ ఏ ముఖం పెట్టుకుని లేవాలి? పైగా ఇంకా ఎవరెవరు ఏమంటారో వినాలనిపించింది. దాచడం ఎందుకు?

అప్పుడు వదిన ఏడుపు అందుకుంది. ఏడుస్తూనే అంది: "మనిషి మంచోడే. ముగ్గొకటే సేతకాదు."

అంతవరకూ ఓర్చుకున్నాను.

"నా ముగ్గుకేటయింది?" అన్నాను లోపలినుంచి.

నేను కుంటుకుంటూ వెళ్ళి గడియ తీశాను. సగం ఊరు నిలబడి ఉంది. ఎవరూ దగ్గరికి రాలేదు. వదిన ఒక్కతే ముందుకొచ్చి నా చెయ్యి గట్టిగా గిల్లి చూసింది. ఆ గిల్లుడు మచ్చ నాలుగు రోజులుంది. వీధి మలుపులో ఆవిడ మొగుడు, నేను అన్నా అని పిలిచే మనిషి, రెండు పచ్చి వెదుళ్ళు భుజాన వేసుకుని వస్తున్నాడు. తలుపు పగలగొట్టి చూడకముందే పాడెకి వెదుళ్ళు కోసేశాడు. అదేమిటని అడిగితే, ముగ్గు లేదు, పలుకూ లేదు, ఇంకేం చూడాలి అన్నాడు.

ఆశా దీదీ స్కూటీ మీద వచ్చి, నా చేతికి మిషను కట్టి చూసి, బీపీ చాలా ఎక్కువుందని తిట్టింది. చచ్చిపోయాడన్న మనిషికి బీపీ ఎక్కువున్నందుకు తిట్లు తినడం కూడా ఆ రోజే అయింది.

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం అమ్మాయితో ఒప్పందం గుర్తొచ్చింది. ఎవరో అప్పటికే మా అమ్మాయికి ఫోను చేసేశారట, తలుపు తియ్యడం లేదని. నేను తిరిగి చేస్తే కలవలేదు, దారిలో సిగ్నలు లేదు.

తను వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని వదిన ఇచ్చిన టీ తాగుతున్నాను. జీపు దిగి నన్ను చూసి, మెట్టు మీద కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రెండు గంటల దారి ఎలా వచ్చిందో అప్పుడు నాకు అర్థమైంది. టీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఏడుపు అయ్యాక లేచి, లోపలికెళ్ళి, అటక మీద పెట్టె దించమంది. ఒప్పందం ఒప్పందమే. అర్జీ రాయడానికి కూడా నా దగ్గర కారణం లేదు.

అప్పుడు వదిన వీధి దాటి వచ్చింది.

"అమ్మీ, కూకో. మీ నాన్న సేసింది తప్పే. మరి నా మాట కూడా ఇను. తెల్లారీసరికి ముగ్గు పడనేదు. నాను పాలు పొయ్యి మీద ఎట్టి సూసేను, దించి సూసేను, నేదు. తలుపు కొట్టేను. ఆ పాలు సల్లారీలోపల ఊరంతా ఇక్కడుంది. రాయగడలో మీ నాన్న ఒక పూట లెగకపోతే ఎవుడికి తెలుస్తాది? నువ్వు కొట్టులోకి దిగిపోతావు, పిల్లలు బడికి పోతారు."

అమ్మాయి గడప మీద కూర్చుంది.

"నూతి కాడ పడ్డప్పుడు వినపడనేదు పెద్దమ్మా" అంది.

"అది మా తప్పే. పెరడు మాకు కనపడదు. దానికేటి సెయ్యాలో సెప్పు, సేద్దాం."

అమ్మాయి లేచి పెరట్లోకి వెళ్ళింది. వెనక మేమందరం. గుమ్మం నుంచి నూతి దాకా, నూతి నుంచి మరుగుదొడ్డి దాకా నడిచి చూసింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. వాకిట్లో పడున్న వెదుళ్ళు తెచ్చి ఇక్కడ కట్టమంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాడె కోసం కోసిన వెదుళ్ళు ఇంటికి కట్టడమా? అలాగని వెనక్కి పట్టుకుపోవడానికీ లేదు, పారెయ్యడానికీ లేదు. అన్న కాసేపు తల గోక్కుని తీర్పు చెప్పాడు.

"కడితే కదా పాడె. ఇంకా కట్టనేదు. ఇప్పుడైతే ఇది ఉత్త వెదురే."

మధ్యాహ్నానికి గుంజలు పాతి, నడుమెత్తున పట్టుగొయ్య కట్టేశారు. నా పొడవుకి చూసి కోసినవి కావడంతో ఒక జానెడు చాలలేదు. అన్న ఆ సంగతి ఒప్పుకోడు. నూతి గట్టు పాచి గీకి ఇసకబస్తాలు పరిచారు. లోపలి గడియ పీకేసి, బయటినుంచి తాళంచెవితో తీసే గడియ బిగించారు. రెండో తాళంచెవి వదిన కొంగున కట్టింది మా అమ్మాయి. నన్ను రెండు మాటలన్న మనిషి కొంగున నా ఇంటి తాళంచెవి. అడిగానా? అడగనిచ్చారా? చివరి షరతు, ఎవరి మీద ఎంత కోపమున్నా పొద్దెక్కకుండా ముగ్గు పడాలి. పడకపోతే ఫోను చెయ్యరు, నేరుగా జీపు వస్తుంది.

పెట్టె మళ్ళీ అటకెక్కింది.

ముగ్గుకి వంగలేను కాబట్టి నేనే ఉపాయం చేశాను. పాలపొడి డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, ముగ్గుపిండి నింపి, పొడుగు కర్రకి కట్టాను. నిలబడి కర్ర నడిపిస్తే గీత పడుతుంది. రెండు వారాల్లో చెయ్యి కుదిరింది. చూసి వెనక వీధి ముసలమ్మలిద్దరు చేయించుకున్నారు. మార్గశిరం వచ్చేసరికి, గురువారాలు లక్ష్మీపూజకి వాకిలంతా ముగ్గులు పెట్టే ఒడియా మేష్టారి తల్లి కూడా కబురు పంపింది. అందరికంటే చివర మా వదిన వచ్చింది, తనకీ నడుం వంగడం లేదని. రేపు, ఎల్లుండి అని పది రోజులు తిప్పి పదకొండో రోజున ఇచ్చాను. డబ్బా మాత్రం మంచిదే ఇచ్చాను.

ఈమధ్య ఒక పొద్దున నా ముగ్గు అయ్యాక చూస్తే ఎదురు వాకిలి బోసిగా ఉంది. అన్న పొలానికి వెళ్ళిపోయాడు. పాలవాడు వచ్చి వెళ్ళాడు. వాకిలి బోసిగానే ఉంది. ముగ్గుకర్ర చేత్తోనే పట్టుకుని, మోకాలి సంగతి మరిచిపోయి, వీధి దాటి తలుపు దబదబా బాదాను. జుట్టు ముడేసుకుంటూ తలుపు తీసింది. రాత్రి పంటినొప్పితో నిద్రపట్టక తెల్లారి కన్నంటుకుందట.

"ఏటి మరిదీ, ఏటయింది?" అంది, నా ముఖం చూసి.

ముగ్గుకర్ర గోడకి ఆనించాను.

"ఏటీ నేదు. నీ కప్ప ఇంకా గెంతనేదేటా అని సూద్దామని వచ్చేను" అన్నాను.

"కప్పేటి?" అంది.

గుర్తు లేదట. అరుగు మీద కూర్చుని, ఎప్పుడంది, ఏం చేస్తూ అంది, ఎలా అంది, మొత్తం చెప్పాను. ఆవిడ టీ పెట్టి తెచ్చింది. అందులో పంచదార తక్కువ.