ఎడమ సీటువాళ్లే గేటు తియ్యాలి

మెర్వ్ ట్రాంటర్ ఇరవై ఆరేళ్లు ఒకే రోడ్డు మీద, మట్టి చదును చేసే గ్రేడరు బండి నడిపాడు. వానాకాలం వచ్చి ఆ ఎర్రమట్టి రోడ్డును నాశనం చేసి పోవడం, ఎండలు రాగానే ఆయన వెళ్లి మళ్లీ చదును చెయ్యడం. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి మూడు కిలోమీటర్లు నడిస్తే జలపాతం. దాన్ని చూడ్డానికి పెర్త్ పట్నం నుంచి జనం మూడేసి రోజులు దుమ్ము తింటూ వచ్చేవాళ్లు. మెర్వ్ మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. రోడ్డు చివరిదాకా వెళ్లి, గ్రేడరు నీడలో టీ తాగి, వెనక్కి తిరిగేవాడు. ఎవరైనా అడిగితే, "నాకు జీతం రోడ్డుకిస్తున్నారు, నీళ్లకి కాదు" అనేవాడు.

ఆయన భార్య నోలీన్ రోడ్డు క్యాంపుకు వంట చేసేది. సరుకులకు వెళ్లినా, క్యాంపు మారినా బండిలో ఆయన పక్కన ఎడమ సీటులో ఆవిడే. "ఆ నీళ్లేవో ఒక్కసారి చూపించు మెర్వ్" అని ఏటా అడిగేది. "వచ్చే ఏడు" అని ఏటా చెప్పేవాడు. మూడేళ్ల కిందట ఆవిడ పోయింది. అడిగే మనిషి లేకపోయాక ఆయనకు వెళ్లాలని బుద్ధి పుట్టింది.

ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఏప్రిల్‌లో కళ్ల డాక్టరమ్మ రెండు కళ్లలోనూ నడిమి చూపు పోతోందనీ, ఇక బండి ముట్టుకోవద్దనీ కాగితం రాసిచ్చింది. మెర్వ్ దాన్ని నాలుగు మడతలు పెట్టి బండి సొరుగులో, టైర్ల గాలి చూసే మీటరు కిందికి తోసేశాడు. ఆయన ఉండే ఇల్లు ఊరికి తొంభై కిలోమీటర్లు. బస్సు లేదు, పక్కిల్లు లేదు. తాళంచెవి వదిలితే ఇల్లు వదిలినట్టే. సంగతి కూతురు లియాన్ చెవిన పడితే ఆ పూటే ఆయన పెట్టె సర్దేస్తుంది. అందుకని నోరు మెదపలేదు.

జూలైలో బడి సెలవులకు లియాన్ తన పదేళ్ల కూతురు టిల్లీని తీసుకుని వచ్చింది. అల్లుడు గనిలో షిఫ్టు వదలడం కుదరక రాలేదు. తన బదులు కొత్త గుడారం పంపాడు. విదిలిస్తే చాలు, దానంతటదే తెరుచుకుంటుందట.

"నేను నడుపుతాలే నాన్నా, నువ్వు హాయిగా కూర్చో" అంది లియాన్.

"ఈ రోడ్డు మీద నాకు తెలియని గుంటలున్నాయా?"

"గుంటలు ఏడాదికోసారి మారతాయిగా."

"మారినవాటిని పూడ్చింది ఎవరనుకున్నావ్? ఎక్కు ఎక్కు."

నడిపాడు. నిజం చెప్పాలంటే చూసి నడపలేదు, జ్ఞాపకంతో నడిపాడు. ఎక్కడ ఒడ్డు వాలుతుందో, ఎక్కడ వాగు మలుపు తిరుగుతుందో ఆయన నడుముకు తెలుసు. ఎదురు బండి వస్తే స్టీరింగు మీంచి ఒక వేలు లేపడం అక్కడి పలకరింపు. మెర్వ్ ఎదురుగా ఏది కదిలినా వేలు లేపాడు.

"తాతా, అది ఆవు" అంది టిల్లీ వెనకనుంచి.

"ఆవైతే? మర్యాద వద్దా దానికి?"

తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు. మెర్వ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

దారంతా పశువుల మేతభూముల్లోంచే. రోడ్డుకు అడ్డంగా ఏడు గేట్లు. ఆ గేట్ల విషయంలో అక్కడ పుట్టిన పిల్లలకు మాటలతో పాటే రెండు సంగతులు నేర్పుతారు. ఎడమ సీటులో కూర్చున్నవాళ్లే దిగి గేటు తియ్యాలి. గేటు ఎలా కనబడితే అలాగే వదలాలి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. నోలీన్ దిగినప్పుడు కాస్త ఆలస్యమైతే మెర్వ్ హారన్ కొట్టేవాడు. ఇంజను ఊరికే తిరగడం ఆయనకు గిట్టదు.

ఆరు గేట్లు లియాన్ తీసింది. ఆ తర్వాత మధ్యాహ్నం తిన్న రొట్టే మాంసమూ మత్తెక్కిస్తే, కిటికీకి ఆనుకుని నిద్రపోయింది. ఏడోది, బోరు పక్కన ఉండేది, బార్లా తెరిచి ఉంది. ఇరవై ఆరేళ్లలో ఆ గేటు ఎప్పుడూ మూసే ఉండేది. "పట్నంవాళ్లు! తెరవడం వచ్చు, మూయడం రాదు" అని గొణుక్కుంటూ బండి దాటించి, కూతుర్ని లేపకుండా తనే దిగి, గేటు లాగి గొలుసు తగిలించాడు. గేటు మీద బోర్డు, దాని మీద ఎర్రగా ఏదో రాత. మూసెయ్యండి అనేగా రాస్తారు, ఇంకేం రాస్తారు అనుకున్నాడు.

సాయంత్రం రోడ్డు చివర అల్లుడి గుడారం చెప్పినట్టే దానంతటదే తెరుచుకుంది, పోతూపోతూ మెర్వ్ టోపీని పొదల్లోకి ఎగరగొట్టింది. ఆయన మాత్రం తన పాత కాన్వాసు పరుపుచుట్ట విప్పుకున్నాడు. నిప్పుల్లో ఇనప గిన్నె పెట్టి రొట్టె కాల్చాడు. మాడిన అంచు కోసం టిల్లీ తల్లితో కొట్లాడింది. చాలాకాలానికి ఆయన మనసు నిండింది.

పొద్దున్నే నడిచారు. రాళ్ల మధ్య దారి మలుపు తిరగగానే చల్లటి గాలి మొహానికి తగిలింది. ఎర్రటి కొండ, దాని మీంచి మూడు తాటిచెట్ల ఎత్తున నీళ్లు, కింద పచ్చటి మడుగు. మెర్వ్ సూటిగా చూశాడు. మధ్యలో మసక మచ్చ తప్ప ఏమీ లేదు. మెడ పక్కకు తిప్పి ఓరగా చూశాడు. అప్పుడు దొరికాయి నీళ్లు, తెల్లగా, వణుకుతూ. నోలీన్ ఉంటే బాగుండేది అనుకున్నాడు.

"ఏంటి తాతా, కోడిపెట్టలా చూస్తున్నావ్?" అంది టిల్లీ.

"ఇలా చూస్తే బాగుందే."

ఆ పిల్ల రాయి మీద కూర్చుని బూట్లు విప్పుతూ, "తాతా, నిన్న ఆ గేటు ఎందుకు మూశావ్? పశువులు నీళ్లకి వెళ్లాలి, తెరిచే ఉంచండి అని రాసుందిగా" అంది.

"అప్పుడే చెప్పొచ్చుగా!" అన్నాడు మెర్వ్.

"నీకు తెలుసనుకున్నా. రోడ్డు వేసింది నువ్వేగా."

మెర్వ్ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. మేత గేటుకు ఇవతల, నీళ్లున్న బోరు అవతల. అప్పటికి ఇరవై గంటలు. గుడారం వేసిన చోటికి తమ తర్వాత ఇంకో బండి రాలేదు, అంటే గేటు తీసినవాళ్లూ లేరు.

"మీరు ఈదుతూ ఉండండి. నేను చిటికెలో వెళ్లొస్తా" అన్నాడు.

లియాన్ ఆయన మొహంలోకి చూసింది. "బోర్డు నువ్వు చదవలేదా?"

ఇంకో అబద్ధం నాలుక చివరదాకా వచ్చింది. దాహంతో ఉన్న పశువులు గుర్తొచ్చి అది అక్కడే ఆగిపోయింది.

"చదవలేకపోయానమ్మా. కనబడదు. బండి సొరుగులో డాక్టరమ్మ కాగితం ఉంది."

"ఎప్పటిది?"

"ఏప్రిల్‌ది."

లియాన్ మెల్లగా, ఒక్కో మాటే అంది. "నా పిల్లని వెనక కూర్చోబెట్టుకుని మూడొందల కిలోమీటర్లు నడిపావ్ నాన్నా."

సిగ్గుతో మెర్వ్ తల వాలిపోయింది. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

గేటు దగ్గర డెబ్బై ఎనభై పశువులు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ అరుస్తున్నాయి. ఏదీ పడిపోలేదు, అదే పదివేలు. లియాన్ బండి ఆపింది. మెర్వ్ అలవాటు కొద్దీ గేటు ఎవరో తీస్తారన్నట్టు కూర్చున్నాడు.

"ఎడమ సీటులో ఉంది నువ్వు నాన్నా" అంది లియాన్.

దిగాడు. "హో, హో" అంటూ పశువుల మధ్య దారి చేసుకుని గేటు చేరాడు. అవి తోసే తోపుడుకు గొలుసు బిగుసుకుపోయింది. లాగితే వేలు చర్మం లేచింది. వదులు చెయ్యడానికి పట్టేమైనా దొరుకుతుందేమోనని గేటు అంచు తడిమాడు. చేతికి తాడు తగిలింది. మెత్తబడిన పాత తాడు, ఉచ్చులా కట్టి ఉంది. అందులో చెయ్యి దూర్చి వెనక్కి వాలితే గేటు బెత్తెడు కదిలింది, గొలుసు ఊడింది. పశువులు ఆయన్ని ఒరుసుకుంటూ నీళ్లకు పరిగెత్తాయి.

గేటు బార్లా తీసి కట్టేసి వచ్చాడు. "ఎవరో తాడు కట్టారే దానికి. తెలివైనవాడు" అన్నాడు.

"అమ్మ కట్టింది" అంది లియాన్. "అన్ని గేట్లకీ. గొలుసులో వేలు నలిగి గోరు ఊడిపోయిన ఏడాది. నీకు తెలీదా?"

తెలీదు. ఆయన ఎప్పుడూ ఇటువైపు కూర్చోలేదు. మెర్వ్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు. లియాన్ ఇంజను ఆపేసి, ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

మధ్యాహ్నం మళ్లీ జలపాతానికి వెళ్లారు. మెర్వ్ మెడదాకా మడుగులో దిగాడు. ఇల్లు అమ్మే మాట లియాన్ ఎత్తింది, ఆయన కాదనలేదు, "క్రిస్మస్ దాకా ఆగు" అన్నాడు అంతే.

మూడోనాడు తిరుగు ప్రయాణం. బోరు గేటు తెరిచే ఉంది, ఆగకుండా దాటారు. మిగతా ఆరింటి దగ్గరా మెర్వ్ ఎవరూ చెప్పకముందే దిగాడు. దిగిన ప్రతిచోటా ముందు చెయ్యి తాడు కోసం వెతికింది. అన్నింటికీ ఉంది. చివరి గేటు దగ్గర, మూసి గొలుసు తగిలించాక కూడా, ఆ తాడు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. లియాన్ హారన్ కొట్టలేదు.