ఏడు రోజులకు ఏడు వంకలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకటని ఎలా అనగలను? వారానికి ఏడు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను, అందుకే మీకు చెబుతున్నాను. ఇంట్లో చెప్పాల్సిన మనిషికి మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు.

పత్తికొండ బస్టాండులో ముప్పై నాలుగేళ్లు కంట్రోలర్‌గా పనిచేశాను. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పడం, మైకులో ఊళ్ల పేర్లు పిలవడం నా పని. అందరినీ అన్ని ఊళ్లకూ పంపాను, నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. నా భార్య సుంకులమ్మ అక్క లక్ష్మక్క కడపలో ఉంటుంది. తల్లి లేని సుంకులమ్మకు తలదువ్వి, జడవేసి పెంచింది ఆమే. అక్క దగ్గర పది రోజులు ఉండొద్దామని సుంకులమ్మ ఎప్పుడడిగినా, రిటైరయ్యాక పోదాంలే, అప్పుడంతా మన టైమే కదా అనేవాణ్ణి.

రిటైరైన మర్నాడే ఆమె సంచి సర్దింది. అక్కకు ఇష్టమని బెల్లం పాకం పట్టి వేరుశనగ బుడ్డల ఉండలు చేసింది. నేనేమో పొద్దున్నే చొక్కా వేసుకుని బస్టాండుకు పోయాను. ఊరికే చూసొద్దామని. నా తర్వాత వచ్చినవాడు ఆదోని బస్సును నాలుగు నిమిషాలు ఆలస్యంగా వదిలాడు. నాలుగు నిమిషాలు! ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని, గడియారం చూస్తూ ఆ పూటంతా గడిపాను. ఇలాంటి పరిస్థితిలో నేను కడప పోతే ఆదోని జనం గతేం కాను?

ఇంటికి వచ్చి పంచాంగం తెరిచాను. రోజు బాగాలేదన్నాను. సుంకులమ్మకు చదువు రాదు, నా మాట మీద గురి. సంచి విప్పింది. ఉండలు నేనే తిన్నాను.

అక్కడ మొదలైంది. సోమవారం, శనివారం తూర్పుకు పోకూడదు. గురువారం దక్షిణానికి పోకూడదు. మా బస్సు గుత్తి దాకా దక్షిణానికి పోయి, తర్వాత తూర్పుకు తిరుగుతుంది కాబట్టి మూడు రోజులూ చెడినట్టే. మంగళవారం ప్రయాణమేమిటి, ఎవరైనా నవ్వుతారు. బుధవారం ఆడమనిషిని గడప దాటించరు. శుక్రవారం ఇంటి లక్ష్మి ఇల్లు వదలకూడదు. ఇక మిగిలింది ఆదివారం. ఆదివారం పడమటికి మంచిది కాదు. పోయేది తూర్పుకే కదా అని ఆమె అడిగింది. తిరిగొచ్చేది పడమటికే కదా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, అవును కదా అంది. అంత నమ్మకాన్ని మోసం చేయడానికి ఎంత ధైర్యం కావాలి? నాకు కొంచెం కూడా అవసరం కాలేదు. అన్నం తిన్నంత తేలిగ్గా చేశాను.

పైగా పేరొచ్చింది! సారు గట్టి పంచాంగం మనిషి అని పక్కింటి శెట్టి కొత్త దుకాణానికి ముహూర్తం అడిగాడు. నోటికొచ్చిన రోజు చెప్పాను. నా ఖర్మ, ఆ దుకాణం బ్రహ్మాండంగా నడిచింది. ఇక వీధంతా నా గుమ్మంలోనే. బోరు వేయాలన్నా నేనే, పిల్లకు చెవులు కుట్టించాలన్నా నేనే.

ఎందుకు చేశానిదంతా? బద్ధకమా? బస్సులో అందరిలాగా టికెట్టు తీసుకుని కూర్చోవడం నామోషీ అనిపించిందా? రెండూ కొంత నిజమే కానీ, అసలు సంగతేమిటంటే, ఉద్యోగం పోయాక నేనెవరో నాకే తెలియక, ఆ బెంచీ మీద కూర్చుంటే ఇంకా కంట్రోలర్‌నే అన్నట్టుండేది, అంతే. నా దగ్గర బోలెడంత టైముందనుకున్నాను. సుంకులమ్మ దగ్గర ఎంతుందో, లక్ష్మక్క దగ్గర ఎంతుందో ఒక్కనాడైనా ఆలోచించానా? అక్క ఫోనులో అడిగిందే మళ్లీ అడుగుతోందని సుంకులమ్మ నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వాను.

పోయినేడు లక్ష్మక్క కోడలు ఫోన్ చేసింది. అత్త మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, వచ్చి చూడండని. ఆ రోజు మంగళవారం, పైగా అమావాస్య. పంచాంగం తెరిచి, ఇంత దివ్యమైన రోజు ఏడాది మొత్తంలో లేదన్నాను. మధ్యాహ్నం బస్సుకే బయలుదేరాం.

మర్నాడు పొద్దున అక్కాచెల్లెళ్లు వసారాలో కూర్చున్నారు. నేను పక్కనే కాఫీ గ్లాసు పట్టుకుని ఉన్నాను.

"ఏ ఊరమ్మా నీది?" అని లక్ష్మక్క అడిగింది.

"పత్తికొండక్కా."

"అట్లనా! మా చెల్లెలు గూడా ఆడనే ఉండాది. సుంకులమ్మని. యాడన్నా కనపడిందా?"

సుంకులమ్మ అక్క భుజం మీద జారిన కొంగు సర్దింది.

"దాని మొగుడు పంపీడు తల్లీ. ఎప్పుడు జూసినా దినం బాగల్యా అంటాడంట."

సుంకులమ్మ నా వైపు చూసి, నేనెక్కడ నొచ్చుకుంటానో అని గబగబా అంది. "ఆయప్ప శానా మంచోడక్కా. దినాలే మంచివి గావు. ఆయప్ప ఏం జేస్తాడు?"

"అయితే నువ్వు పోయి జెప్పు. దినం ఎట్లున్నా పర్వాల్యా, రమ్మను. నేను ఈడనే కూసోనుంటా."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లో కాఫీ పోసుకున్నాను. తోలు మందం మనిషిని.

ఇప్పుడు నెలకోసారి కడప పోతాం. ఏ రోజైనా సరే. అన్ని రోజులూ మంచివే అంటున్నానని శెట్టి నన్ను అనుమానంగా చూస్తున్నాడు, ముహూర్తాలకు వేరే ఆయన్ని వెతుక్కున్నాడు కూడా. ఆదోని బస్సు ఎప్పుడు పోతోందో నాకు తెలియదు. వసారాలో సుంకులమ్మ అక్కకు తలదువ్వి జడవేస్తుంటే చూస్తూ కూర్చుంటాను. పూటంతా కూర్చున్నా ఇంకాసేపు ఉంటే బాగుండుననిపిస్తుంది. ఒక్కోసారి ఆ వేళ్లు తలలో ఆడుతుంటే లక్ష్మక్క కళ్లు మూసుకుని, చెల్లెలి పేరు పిలిచినట్టే ఉంటుంది. తర్వాత కళ్లు తెరిచి, ఏ ఊరమ్మా నీది అంటుంది.

సుంకులమ్మ ప్రతిసారీ ఓపిగ్గా చెబుతుంది. నా గురించి వచ్చేసరికి ప్రతిసారీ అదే జవాబు. మొన్న కూడా అంది, ఆయప్ప మంచోడక్కా, దినాలే మంచివి కావని.

దినాలన్నీ మంచివే. ఎనిమిదేళ్లలో ఒక్కటీ చెడ్డది కాదు. నేనే మంచివాణ్ణి కాదు. ఈ ఒక్క ముక్క ఇన్నేళ్లకు ఒకరితో అనగలిగాను. కొంచెం ఊపిరాడుతోంది.