గొంగడోడి మీద రెండు కథలు

కంభం బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో నడిపే లక్ష్మీనరసయ్య సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తాడని ఆ వీధిలో చానామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా పెళ్లి ఆల్బం ఆలస్యమైనప్పుడే ఆ మాట ఎత్తేవాళ్లు. "కథలు రాసుకుంటా కూర్చుంటే మా ఫోటోలు ఎప్పుడు కడుగుతావ్ సామీ?" అని. రాసినవాటిలో రెండో మూడో వారపత్రికల్లో వచ్చినాయి. మిగతావి తిరిగొచ్చినాయి, కొన్నయితే తిరిగి కూడా రాలేదు.

ఆయన కథలన్నీ ఒకే మనిషి చుట్టూ తిరిగేవి. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. ఈ తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో, చేలల్లో గొర్రెల మంద పక్కన పడుకున్న కాపరులను ఎవరో తల మీద బండరాయేసి చంపుకుంటూ పోయినాడు. బేస్తవారిపేట వైపు ఒకరు, గిద్దలూరు వైపు ఇద్దరు, మళ్లీ ఇటు కంభం చుట్టుపక్కల. ఒక్క గొర్రె పోయేది కాదు, మొలతాడుకున్న వెండి బిళ్ల కూడా పోయేది కాదు. నల్ల గొంగడి కప్పుకుని నడిచిపోయే ఆకారాన్ని దూరం నుంచి ఎవరో ఆడమనిషి చూసిందంట, అంతే. అప్పటి నుంచి వాడు గొంగడోడు. ఈ రోజుకీ వాడెవడో తేలలేదు. చచ్చినవాళ్లలో లక్ష్మీనరసయ్య తాత గంగయ్య ఒకడు.

లక్ష్మీనరసయ్య కథల్లో గొంగడోడు రాబోయే కాలం నుంచి వచ్చిన మహా మేధావి. గొంగడి కప్పుకుంటే కాలం మడత పడుతుంది. ఒక కాలు ఎప్పుడూ తన కాలంలోనే ఇరుక్కుని ఉంటుంది కాబట్టి కుంటుకుంటూ నడుస్తాడు. వాడు ఎందుకు చంపుతున్నాడో కథకో రకంగా చెప్పేవాడు.

ఆ కథలను శ్రద్ధగా విన్న మనిషి ఒక్కతే. అక్క రంగమ్మ కూతురు భాగ్య. బడి సెలవుల్లో స్టూడియోలో కూర్చుని వినేది. వినేది గానీ, ఊరికే ఉండేది కాదు.

"మామా, వాని సంగతి సరే. మన తాతకేమైంది?"

"చచ్చిపోయినాడు గదమ్మే."

"తర్వాత?"

"చచ్చినాక తర్వాతేముంటది!" అని కసురుకునేవాడు.

ఆ భాగ్య ఇప్పుడు గిద్దలూరులో ప్రైవేటు బడిలో టీచరు. పోయిన వానాకాలం తనూ ఒక కథ రాసింది. అందులో గొంగడోడు అసలు కనపడడు. దెబ్బ తిన్న కాపరులు చచ్చిపోరు, రెండు చందమామలుండే ఒక చోట కళ్లు తెరుస్తారు. మోకాలెత్తు పచ్చిక, పక్కన తమ గొర్రెలే. ఇంటికి దారి మాత్రం తెలియదు. ఆ కథను ఒక ఆడియో యాప్ వాళ్లు మంచి గొంతున్న మనిషితో చదివించినారు. అంతే, ఊళ్లకు ఊళ్లు విన్నాయి.

"మీ మేనకోడలి కథ విన్నావా అన్నా?" అని టీ కొట్టాయన అడిగినాడు. కూరగాయలామె అడిగింది. పాస్‌పోర్టు ఫోటోకు తల సరిగ్గా పెట్టమంటే, తల పెట్టి అడిగినాడొకాయన. లక్ష్మీనరసయ్య ఫోన్లో కథ పెట్టుకున్నాడు గానీ, మొదటి చందమామ దగ్గరే ఆపేసినాడు. ఆ గొంగడోణ్ణి ఇన్నేండ్లు మోసింది తను. ఈ పిల్ల వచ్చి, వాణ్ణి పక్కకు నెట్టేసి, పేరు కొట్టేసింది. అట్లని ఎవరికి చెప్పుకుంటాడు? గంగయ్య ఆ పిల్లకూ ముత్తాతే గదా.

ఒకరోజు ఇంటికి పోతే భార్య శనక్కాయలు వలుస్తా, ఫోన్ పక్కన పెట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది. తన కథ ఒక్కటి చదివి ఆమె ఎన్నడూ ఏడ్చింది లేదు.

"అన్నం పెడతావా, చందమామల్లోకి పోతావా?" అని అరిచినాడు.

"నువ్వూ వినరాదా? కుంటాయన గూడా ఉండాడు ఇందులో," అందామె.

ఆ మాట లక్ష్మీనరసయ్యకు పట్టుకుంది. కుంటి మనిషంటే ఈ చుట్టుపక్కల పాతవాళ్లకు ఒక్కడే గుర్తొస్తాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే ఓబులేసు. హత్యలప్పుడు పోలీసులు అనుమానంతో అతన్ని తీసుకుపోయి, ఏమీ దొరక్క వదిలేసినారు. అతను తిరిగొచ్చిన తర్వాత హత్యలు ఆగిపోయినాయి. అదే అతని పాలిట శాపమైంది. ఆగిపోయినాయంటే వాడే చేసినాడని జనం తేల్చేసినారు. చచ్చేదాకా బొచ్చు కత్తిరించడానికి అతనికి ఎవరూ గొర్రె ఇవ్వలేదు. ఆయన కూతురు నాగేంద్రమ్మ బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెలో ఇంకా బతికే ఉంది.

లక్ష్మీనరసయ్య బండేసుకుని ఆమె దగ్గరకు పోయినాడు.

"అవ్వా, మీ నాయన మీద కథ రాసినారు. ఊరంతా వింటాండారు. ఆ కుంటాయనే గొంగడోడని రాసినారంట."

కథ తను వినలేదని చెప్పలేదు. నాగేంద్రమ్మ పక్కనున్న చేతికర్ర అందుకుంది. "రాసినోళ్లు ఏడుంటారు?" అని అడిగింది. చెప్పినాడు. వచ్చే ఆదివారం గిద్దలూరులో భాగ్యకు సన్మానమని కూడా చెప్పినాడు.

ఆ సన్మానానికి ఫోటోలు తీయమని పిలిచింది లక్ష్మీనరసయ్యనే. కాదంటే అందరూ ఏమనుకుంటారోనని ఒప్పుకున్నాడు. భాగ్య మెళ్లో దండ వేస్తున్నప్పుడు కెమెరా వెనక నిలబడి, పిల్ల ముఖం మసకబారేటట్టు రెండు మూడు ఫోటోలు కావాలనే చెడగొట్టినాడు. అప్పుడే నాగేంద్రమ్మ ఆటో దిగి, చేతికర్ర పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"మా నాయన్ను హంతకుణ్ణి చేసిందెవరు?" అంది నేరుగా వేదిక ముందుకొచ్చి.

జనం గుసగుసలాడినారు. భాగ్య దండ తీసి పక్కన పెట్టి కిందికి దిగింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "అవ్వా, నేను చదువుతా. విన్నాక తిట్టు," అంది. చదివింది. కథలో ఒక కుంటాయన ఉన్నాడు. రాత్రిళ్లు ఆకాశం నుంచి గొర్రెల మెడగంటలు ఆయనకొక్కడికే వినపడతాయి. కాపరులు బతికే ఉన్నారని ఇంటింటికీ పోయి చెప్తాడు. ఎవరూ నమ్మరు. కొట్టి తరుముతారు. అయినా చెప్తానే ఉంటాడు.

లక్ష్మీనరసయ్య కథను పూర్తిగా విన్నది అప్పుడే. బాగుంది. ఎంత బాగుందంటే ఒళ్లు మండిపోయింది.

నాగేంద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా నాయన ఎవర్నీ చంపలేదని ఒక్కరన్నా అంటారేమోనని చూసినా. ఇన్నేండ్లకు అన్నావు తల్లీ," అంది. తర్వాత హాలంతా కలయజూసి, కర్ర ఎత్తి చూపించింది. "మరి ఆ ఫోటోలాయన అట్ల చెప్పినాడేంది?"

అందరూ వెనక్కి తిరిగినారు. భాగ్య కూడా చూసింది. "ఆయనా కథలు రాస్తాడు గదా," అని ఎవరో అన్నారు.

"నువ్వూ రాస్తావంట గదా నాయనా," అంది నాగేంద్రమ్మ. "నీ కథల్లో మా నాయన ఉండాడా?"

లేడని చెప్పొచ్చు. కానీ ఆ కథలన్నీ విన్న మనిషి ఎదురుగానే నిలబడి ఉంది.

"ఉండాడవ్వా."

"ఏం చేస్తాడు?"

లక్ష్మీనరసయ్య తల దించుకుని కెమెరాకు మూత పెట్టుకున్నాడు. తన నాయనే అందులో గొంగడోడని ఆమెకు అర్థమైంది. "అయితే ఆ కథల్లో నుంచి మా నాయన్ను బయటికి తీసుకురా," అని, భాగ్య చెయ్యి పట్టుకుని లేచి, ఆటో ఎక్కి పోయింది.

ఆ తర్వాత భాగ్య మేనమామతో మాటలు మానేసింది. రంగమ్మ దారిలో ఎదురుపడినా తల తిప్పుకునేది. లక్ష్మీనరసయ్య పాత కథ ముందేసుకుని కూర్చున్నాడు. కుంటి నడక తీసేస్తే గొంగడోడు ఎవడో మామూలు మనిషైపోయినాడు. మేధావితనం కూడా నిలబడలేదు. రాయెత్తుకుని నిద్రపోయేవాణ్ణి కొట్టేవాడికి ఏం మేధ? రాసిందల్లా కొట్టేసి, కొట్టేసి, చివరకు తన తాత గంగయ్య ఆ సాయంత్రం ఏం తిన్నాడు, ఏ గొర్రెను పేరు పెట్టి పిలిచినాడు అని రాయడం మొదలుపెట్టినాడు. ఓబులేసు ఆ కథలో వచ్చి, బొచ్చు కత్తిరించి, తాతతో సద్ది పంచుకుని, తన దారిన తను వెళ్లిపోతాడు. ఆ పేజీలు పట్టుకుని పోయి నాగేంద్రమ్మకు చదివి వినిపించినాడు. ఆమె, "సద్దిలోకి నంజుకోడానికి ఎర్రగడ్డ పెట్టు, మా నాయనకిష్టం," అంది. పెట్టినాడు.

అదే యాప్ వాళ్లు ఆ కథ తీసుకున్నారు. కింద వచ్చిన మొదటి అభిప్రాయం ఇది: "భాగ్య గారి కథ విని రాసినట్టుంది. పర్వాలేదు."

లక్ష్మీనరసయ్య ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టినాడు. అది మోగింది. భాగ్య.

"మామా, విన్నా. తాత గొర్రెను పిలిచేది చానా బాగుంది."

అన్ని నెలల తర్వాత ఆ గొంతు. ఆయనకు కళ్లు చెమర్చినాయి. అయినా నోరు ఊరుకోలేదు.

"నీ దానికంటే బాగుందా?"

అవతల నవ్వు. 

"అదొక్కటి అడగొద్దు మామా," అంది భాగ్య.