సార్ మూడో రోజు

సార్ పోయిండ్రని గురువారం దీపాలు పెట్టే యాళ్ల దాటినంక తెలిసింది. సార్ కోడలు ఫోన్ చేసింది. "కాకా, మామ పోయిండు" అన్నది. ఫోన్ పట్టుకొని వాకిట్లకు వచ్చి ఆకాశం దిక్కు చూసిన. పడమర జరంత ఎరుపు మిగిలి ఉండె. పొద్దు గూకి ఎంతసేపైందో అని చూసిన. మనిషి పోయిండంటే అది చూసుడేందని మీకు అనిపించవచ్చు. ఎందుకు చూసిన్నో చెప్పుటానికే ఇది రాస్తున్న.

మా చర్చి సంఘం పత్రికకు సార్ గురించి నాలుగు ముక్కలు రాయమన్నరు. నేను రాసేటోన్ని కాదు. బీర్కూర్ దిక్కు మా ఊరి బడిల ఐదు దాక చదివిన. తర్వాత ముప్పై ఏండ్లు కాలువ మీద నీరటి పని చేసిన. ఎవలి మడికి ఎప్పుడు నీళ్లు మలపాలెనో చూసుకునే పని అది. పార ఉంటే చాలు, మాటలు అక్కర లేదు. నలుగురు కూసున్న కాడ నాకు గొంతు లేవదు. చిన్నప్పటి నుంచి అంతే.

సార్ బాన్సువాడల సర్కారు బడిల లెక్కలు చెప్పి రిటైరయిండ్రు. ఆదివారం చర్చిల పెద్దోల్లను కూసోబెట్టి వాక్యం చదివి చెప్పేటోల్లు. పాస్టర్ కాదు. ఎవలు పెట్టిన పని కాదు. చెప్పేటప్పుడు చూపుడు వేలుతోటి గాలిల గీతలు గీసేటోల్లు, ఎదురుంగ బోర్డు ఉన్నట్టు.

మా ఇంటామె పోయి ఆరేండ్లు. మా దాంట్ల మనిషి పోయిన మూడో రోజు సమాధి కాడికి పోయి ప్రార్థన చేసుకుంటరు. యేసు మూడో రోజు లేచిండు గదా, ఆ గుర్తుకు. ఆమెకు కూడా చేసిండ్రు. అయినంక అందరు గేటు దిక్కు నడిచిండ్రు. నేను మట్టిని చూసుకుంట నిలబడ్డ. సార్ వచ్చి పక్కన నిలబడ్డరు. అప్పటిదాక ఆయనతోని నేను సక్కగ ఒక్క మాట మాట్లాడి ఉండలే. ఆనాడు ఎట్లనో నోరు లేచింది.

"సార్, మూడో రోజు అయింది. ఈమె లేవలే" అన్న.

పిచ్చి మాట. ఆయన నవ్వలే, కోప్పడలే. "మూడో రోజు ఆయన ఒక్కడికే అయింది తమ్మి. మనకు ఇంకా శనివారమే నడుస్తుంది" అన్నరు.

నాకు అర్థం కాలే. అర్థం చేసుకుందామని వాళ్లింటికి పోయిన. అట్ల ఆరేండ్లు పోయిన.

సార్ చెప్పిన లెక్క ఇట్ల ఉంటది. గ్రంథం నాటి మనుషులకు రోజు పొద్దు గూకంగ మొదలు. రాత్రి ముందు, పగలు ఎనుక. యేసును శుక్రవారం పొద్దు గూకక ముందే ఆగమాగం సమాధిల పెట్టిండ్రు. పొద్దు గూకితే విశ్రాంతి దినం వస్తది, పని చెయ్యరాదు. శుక్రవారంల మిగిలిన ఆ కొంచెం ఒక రోజు. శనివారం నిండ ఒక రోజు. శనివారం పొద్దు గూకంగ ఆదివారం షురూ అయితది, తెల్లారంగ ఆడోల్లు పోయి చూస్తే సమాధి ఖాళీ. అది మూడో రోజు. "తునక దొరికినా రోజే. వాళ్ల లెక్కల సగం, పావు లేవు" అనేటోల్లు.

"ఇది మా కాలువ లెక్కనే గద సార్" అన్న ఒకనాడు.

మా కాలువ మీద నీళ్ల వంతు పొద్దు గూకంగనే మారేది. సోమవారం పొద్దు గూకిందంటే ఆ రాత్రి నీళ్లు మంగళవారం రైతువి. వెలుగు ఉండంగనే గట్టు తెంపుకొని మడి చూసుకుంటడని పెద్దోల్లు అట్ల పెట్టిండ్రు. ఈ సంగతి చెప్తే సార్ కళ్లద్దాలు తీసిండ్రు. "నేను పుస్తకాలు తిరగేసి తిరగేసి నేర్చుకున్నది నువ్వు బురదల నిలబడి నేర్చుకున్నవు" అన్నరు. ఆ వచ్చిన ఆదివారం చర్చిల అందరి ముందు నన్ను చూపెట్టి చెప్పిండ్రు. నేను తల ఎత్తలే. ఇంటికి పోయినంక మాత్రం ఒక్కన్నే నవ్వుకున్న.

వాళ్లింట్ల గోడకు రోజుకొక చీటి చింపే క్యాలెండర్ ఉండేది. అందరు తెల్లారి చింపుతరు. సార్ పొద్దు గూకంగ చింపేటోల్లు. ఓసారి మహారాష్ట్ర హద్దు కాడ మద్నూర్ల చుట్టాల పెండ్లి ఉండె. కోడలు సాయంత్రం క్యాలెండర్ చూసి, పెండ్లి రేపే అనుకొని, పిల్లలకు కొత్త బట్టలు తొడిగి తెల్లారి బస్సెక్కింది. పోయి చూస్తే ఇంకా పందిరి కూడ ఎయ్యలే. ఆడ ముసలామె ఒకామె మరాఠీల ఏదో అంటే అందరు పకపక నవ్విండ్రట. వచ్చినంక కోడలు సార్‌ను పట్టుకున్నది.

"మామా, నీ హెబ్రీ క్యాలెండర్ నీ మంచం కాడ పెట్టుకో. నా ఇజ్జత్ తీసినవు."

"నేనేం చేసిన బిడ్డా? పెండ్లికి ముందుగాల పోయినోల్లను ఎవలన్న తిడతరా?"

"తిట్టలే. ఉల్లిగడ్డలు కోపిచ్చిండ్రు."

అయినా క్యాలెండర్ అక్కడనే ఉన్నది. చీటి సాయంత్రమే చిరిగింది.

బస్టాండు కాడ ఛాయ్ హోటల్లకు ఒక ఆంధ్రా రైతు వచ్చేటోడు. కాలువ కింద వరి పెడతడు. మంచి మనిషే, సార్‌ను ఆట పట్టిచ్చుడు ఆయనకు సరదా. "ఏమండీ మేస్టారూ, మా ఆవిడ మూడు రోజులు పుట్టింటికి వెళ్తానని శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం తెల్లారేసరికి గుమ్మంలో ఉంటే, నేను మూడు రోజులు సుఖపడ్డట్టా అండీ?" అన్నడు. హోటలంత నవ్విండ్రు. సార్ కూడా నవ్విండ్రు. "మీరు సుఖపడ్డది ఎన్ని రోజులో మీ ఆవిడకు చెప్పమంటారా?" అన్నరు. ఆయన చెయ్యెత్తి దండం పెట్టిండు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం సార్ నవ్వు పోయింది. "రోజులు మూడు దొరికినయి తమ్మి. రాత్రులే రెండు" అన్నరు. యోనా చేప కడుపుల ఉన్నట్టు తను కూడా మూడు పగళ్లు, మూడు రాత్రులు భూమి లోపల ఉంటనని యేసు చెప్పినట్టు రాసి ఉన్నది. సిలువ బుధవారమే వేసిండ్రని కొందరంటరట. అది ఆ కాలపోల్ల మాట తీరు, లెక్క కాదని కొందరంటరట. "నేను రెండో దిక్కు. అయినా లెక్కల సార్‌ను గదా, లోపల కుచ్చుకుంటనే ఉంటది" అన్నరు. తెలియంది తెలియదని చెప్పిన పెద్దమనిషిని నేను ఆయన ఒక్కర్నే చూసిన.

ఆయనకు అన్నిటికంటె శనివారం మీద పాణం. "ఆ రోజు గురించి ఏమీ రాయలే చూడు. శిష్యులు ఏం తిన్నరు, ఎక్కడ పండుకున్నరు, ఎవలు ఎవలి మొహం చూసిండ్రు. రేపు ఏమైతదో వాళ్లకు తెల్వదు. మనకు తెలుసని మనం ఆ రోజును దాటేసి పోతం. దాటొద్దు తమ్మి, అందుల కూసోవాలె."

ఎండకాలం మొదట్ల సార్ మంచం పట్టిండ్రు. ఒకనాడు ఇంట్ల ఎవలు లేనప్పుడు నా చెయ్యి పట్టుకున్నరు. "నేను పగలు పోతే ఎట్లన్న కానీ. పొద్దు గూకినంక పోతే మాత్రం మరుసటి రోజు నుంచి లెక్క కట్టమను. మూడో రోజు తెల్లారేటప్పటికి నా కాడ ఉండాలె మీరంత. ఆడోల్లు పోయిన యాళ్లకు. మా కొడుకుకు నువ్వు చెప్పు. నేను చెప్తే చాదస్తం అంటడు."

"చెప్త సార్" అన్న.

ఆయన నన్ను అడిగింది ఆరేండ్లల్ల అదొక్కటే.

గురువారం పొద్దు గూకంగ చీటి చింపమని కోడలుకు చెప్పిండ్రట. ఆమె చింపిందట. జరసేపటికి పోయిండ్రు. అంటే సార్ లెక్కల శుక్రవారం పోయిండ్రు. మూడో రోజు ఆదివారం.

శుక్రవారం మట్టి అయినంక వాకిట్ల కుర్చీలేసి పెద్దోల్లు కూసున్నరు. గురువారం, శుక్రవారం, శనివారం, మూడో రోజు రేపే అన్నరు. పాస్టరు గారు ఆదివారం పెద్ద కొడప్‌గల్ పోవాలె. చుట్టాలు పట్నం పోవాలె. వాళ్ల తప్పేం లేదు, లోకమంత లెక్క అదే. నేను టెంటు గుంజ పట్టుకొని నిలబడ్డ. సార్ కొడుకు నా దిక్కు చూసిండు.

"కాకా, నువ్వు బాపు కాడ ఎక్కువ ఉన్నవు. ఏమన్న చెప్తవా?"

అందరు నా దిక్కు తిరిగిండ్రు.

"ఏం లేదు బిడ్డా" అన్న.

సిగ్గు అని అనుకుంటరు. సిగ్గు ఉన్నది. కానీ అంతే కాదు. ఆదివారం తెల్లారి పోదామంటే, పోతే ఏమైతది కాకా అని ఎవలన్న అడిగితే నా కాడ జవాబు లేకుండె. ఇప్పటికీ లేదు. సార్ కాడ ఉన్న నమ్మకం నేను ఆయన నోట్లకెళ్లి విన్న, అంతే. నా లోపలికి రాలే. ఆయన పోయినంక అది తెలిసింది.

శనివారం పదకొండింటికి ప్రార్థన జరిగింది. మంచిగ జరిగింది. కొడుకు చాన ఏడ్చిండు. సార్ ఇంటోల్లు ఇది చదివితే మనసుల పెట్టుకోవద్దు. మాట తప్పింది నేను. నోటితోని చెప్పలేక కాయితం మీద చెప్తున్న, అది కూడా మించిపోయినంక.

శనివారం సాయంత్రం జల్లు పడ్డది. ఆదివారం తెల్లారక ముందే నేను ఒక్కన్నే పోయిన. ఏదో అయితదని పోలే. అబద్ధం ఎందుకు, మనసుల ఏదో మూలకు జరంత ఉండె. మసక వెలుగుల చూస్తే సార్ మట్టి నడిమిట్ల జానెడు లోపలికి కుంగి ఉన్నది. నా గుండె ఆగింది. ముప్పై ఏండ్లు గట్లు పోసిన మనిషిని, కొత్త మట్టి వానకు తడిస్తే కుంగుతదని నాకు తెల్వదా? తెలుసు. తెలిసి కూడా ఆగింది. మోకాళ్ల మీద కూసొని చేతితోని ఒత్తి చూసిన. ఉట్టి మట్టే.

పొద్దు పొడిచేదాక ఉన్న. మేకలు తోలుకొచ్చిన ఒక అవ్వ గేటు కాడ నిలబడి, "ఎవలన్న వస్తమన్నరా?" అని అడిగింది.

"లేదవ్వా" అన్న.

ఆమె పోయింది. ఒక నల్లమేక మాత్రం ఎనుక ఉండి, నిన్నటి బంతిపూల దండను మట్టి మీదికెళ్లి గుంజి నమిలింది. పూలు అయిపోయినయి. దారం మింగుడు పడక మూతి పక్క నుంచి వేలాడుతుండె. అది నన్నే చూసుకుంట నములుతనే ఉన్నది.