మాళా మీద మండలి పైసలు

"అవ్వా, మండలి పైసలన్నీ చింతపండుల పెడ్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"పిచ్చి నాకు కాదే, నీ బ్యాంకోళ్లకు లేసింది. వాళ్లిచ్చే వడ్డీకి చాయ్ తాగితే బిస్కిట్‌కు మిగలదు. చింతపండు చూడు. మార్చిల ఒక ధర, జూన్‌ల ఇంకో ధర."

"జూన్‌ల పోరగాండ్లకు ఫీజులు కట్టాలె. అప్పటిదాంక అమ్ముడుపోకుంటే?"

"అమ్ముడుపోకపోవుడేందే? తెలుగోళ్లు చారు పెట్టుకోవుడు మానేసిన దినం ఈ బంబయి సముద్రమే ఎండుతది."

సముద్రం మాట అన్నది నేనే. నా ఎదుట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డది నా మనవరాలు పూజ. మూడు నెలలు తిరిగేసరికి సముద్రం ఎండలేదు గానీ, నా పరువు మాత్రం బొట్లు బొట్లుగా కారిపోయింది. ఊరికే అనడం లేదు, నిజంగానే కారింది. ఎలా కారిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ నా ఎదుట మాత్రం వద్దు.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు అరవై నాలుగు. ఇప్పటితో పోలిస్తే చిన్నపిల్లనే, పైగా పొగరు. ముంబై కామాటిపురాలో, ఇంటికో గది ఉండే మా చాలీ ఆడవాళ్లం కలిసి ఒక మండలి నడుపుకుంటున్నాం. ఇంటింటికీ నెలకింత అని వేసుకుంటాం. జూన్‌లో బడులు తెరవగానే మా పిల్లల ఫీజులకూ నోటుబుక్కులకూ ఆ డబ్బే దిక్కు. దానికి నేను ఖజాంచిని. మూడో తరగతితో చదువు ఆగిన నన్నెందుకు ఎన్నుకున్నారని మీకు అనుమానం రావచ్చు. నా చేతిలోంచి రూపాయి బయటికి రావడం, సాయంత్రం ఆరింటికి దాదర్ స్టేషన్‌లో బండి దిగడమంత కష్టం. అందుకని ఎన్నుకున్నారు.

పూజ బీకాం చదివి ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. ఆ రోజు మండలి మీటింగుకు వచ్చి అందరికీ విడమరిచి చెప్పింది.

"జూన్‌ల కావాల్సిన పైసలు సేవింగ్స్‌ల ఉండాలె, ఎప్పుడంటే అప్పుడు తీసెటట్టు. కొన్ని ఆపదకు పక్కకు పెట్టాలె. మిగిలినయి ఫిక్స్‌డ్ డిపాజిట్. అన్నీ ఒకే కాడ పెట్టొద్దు అవ్వా."

"ఒకే కాడ ఎక్కడ పెడుతున్ననే? ఆరు బస్తాలల్ల పెడుతున్న."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. నా తెలివికి నవ్వారనుకున్నాను. మా అధ్యక్షురాలు నర్సుబాయి చేతులెత్తేసింది. "వదినె ఇన్నేండ్లల్ల ఒక్క రూపాయి ఆగం చేయలే. కానియ్యిండ్రి" అంది.

బాలామణి ఒక్కతే లేచి నిలబడింది. భర్త లేడు. బిల్డింగు పనుల్లో తట్టలు మోస్తుంది. పని దొరకని నెలలో కూడా మండలికి వేయాల్సింది వేసే మనిషి.

"అవ్వా, మా సునీత ఈపారి పదోది. జూన్ పదిహేను లోపట ఫీజు కట్టకుంటే పేరు తీసేస్తమన్నరు. అప్పటికి పైసలు చేతికొస్తయి గద?"

"వస్తయా అని అడుగుడేందే? పిల్లల్ని పెట్టుకొని వస్తయి, పో."

పాలమూరులో మా తమ్ముడి కొడుకు ఆరు బస్తాలు లారీకెక్కించి ఫోన్ చేశాడు.

"అత్తా, గింజలు తీయించి డబ్బాలల్ల పెట్టుండ్రి. వానలకు ఆగదు."

"గింజలు తీసినందుకు కూలి, డబ్బాలకు ఇంకింత. ఎవలిస్తరు, మీ అయ్యనా? మా అమ్మ ఏడాదంత గోనె సంచిల పోసి అటక మీదనే పెడుతుండె."

మా అమ్మ అటక పాలమూరు ఎండలో ఉండేదనీ, ఇక్కడ నాలుగు నెలలు గోడలు కూడా చెమటలు పడతాయనీ చెప్పే ధైర్యం పాపం వాడికి లేకపోయింది. మండలి కూర్చునే ఖోలీలో, అంటే గదిలో, పైన చెక్కల అటక ఉంది. చాలీలో దాన్ని మాళా అంటాం. ఆరు బస్తాలూ అక్కడికెక్కించి తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను. బ్యాంకు మేనేజరు కూడా అంత దర్జాగా నడవడు.

మే నెలలో చాలీ మొత్తం ఊళ్లకు పోయింది. నేను పోను. బండి చార్జీలు దండగని ముప్ఫై ఏళ్ల కిందటే మానేశాను. ఆ పొదుపే నన్ను ముంచింది. ఊరి నుంచి వచ్చేటప్పుడు పాలమూరు ఆడవాళ్లు ఏం మోసుకొస్తారో పూర్తిగా మరిచిపోయాను.

ముందుగా నర్సుబాయి వచ్చింది.

"నర్సుబాయీ, చింతపండు తూచియ్యనా?"

"అయ్యో వదినె, మా అక్క ఐదు కిలోలు కట్టిచ్చింది. నీకు గూడ ఇంత ఇద్దామని వస్తున్న."

ఆమె వెనకాల ఒకరి తరువాత ఒకరు దిగారు. ప్రతి మూటలోనూ చింతపండే. ఊరికి పోని ముసలిదాన్నని జాలిపడి ప్రతి ఒక్కరూ నాకింత పెట్టారు. బాలామణి కూడా పేపరులో పిడికెడు చుట్టి తెచ్చింది. వారం తిరిగేసరికి నేను అమ్మింది సున్నా, నాకు ఊరికే వచ్చింది ఏడు కిలోలు. ఊరికే వచ్చినదాన్ని కాదనే అలవాటు నాకు లేదు. దాన్నీ మాళా ఎక్కించాను.

చివరికి నాగ్‌పాడాలో ఒక కిరాణా దుకాణానికి నమూనా పట్టుకుపోయాను. సేటు ఒక ముక్క నోట్లో వేసుకుని, గింజ పళ్ల కింద పడగానే చెంప పట్టుకున్నాడు. "ఆజీ, గింజ తీసిందే కొంటం. ఇది తీస్కపో" అన్నాడు. ఆజీ అంటే మరాఠీలో అవ్వ. గింజలకు కూలి మిగుల్చుకున్న తెలివైన ఆజీని నేనే కదా, మళ్లీ మూట కట్టుకుని తెచ్చేసుకున్నాను.

అంతలో వాన మొదలైంది. ముంబై వాన ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. నాలుగు రోజులు కురిశాక, జూన్ పదమూడో తారీఖు సాయంత్రం మండలి కూర్చుంది. నర్సుబాయి ఊరి నుంచి తెచ్చుకున్న కొత్త గద్వాల చీర కట్టుకుని సరిగ్గా ఖోలీ మధ్యలో కూర్చుంది.

"ఫీజుల పైసలు తీ వదినె. ఏడున్నయి?"

"యాడికి పోతయి? భద్రంగ పైననే ఉన్నయి" అని గంభీరంగా వేలు మాళా వైపు ఎత్తాను.

టప్పున నర్సుబాయి నుదుటి మీద నల్లటి చుక్క ఒకటి పడింది. ఆమె వేలితో తుడిచి, వాసన చూసి, నాలుకకు రాసుకుంది.

"ఇదేంది, పుల్లగున్నది?"

రెండో చుక్క గద్వాల చీర మీద పడింది. మూడోది నా రిజిస్టరు మీద. తలెత్తి చూస్తే బస్తాలు ఆరూ ఏడుపు ఆపుకోలేని పెళ్లికూతుళ్లలా ఉబ్బి, తడిసి, కారుతున్నాయి. మండలి మూలధనం చెక్కల సందుల్లోంచి సభ్యులందరికీ సమానంగా పంపిణీ అవుతోంది.

"బాప్‌రే! నా చీర!"

"గిన్నె తేండ్రే, చారుకన్న పనికొస్తది!"

"అవ్వా, ఇదేనా నీ జూన్ ధర?" ఈ మాట పూజది.

అందరూ పడి పడి నవ్వుతున్నారు. బాలామణి మాత్రం నవ్వలేదు.

"అవ్వా, ఎల్లుండే పదిహేను" అంది, అంతే.

  అప్పుడు నర్సుబాయి కొంగుతో మొహం తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"వదినె, ఒక్క మాట అడుగుత. నీ సొంత పైసలు గూడ చింతపండులనే పెట్టినవా?"

నేను రిజిస్టరు తుడవడంలో మునిగిపోయాను. నా బదులు పూజ చెప్పింది.

"అవ్వ పైసలా? ఎఫ్‌డీల ఉన్నయి. పదేండ్ల సంది."

"బ్యాంకులనా?"

"మరి నా పైసలు నేనే ఆగం చేసుకుంటనా?" అనేశాను.

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ దాని అర్థం నాకు తెలియలేదు. ముందు నర్సుబాయి నోరు తెరిచింది. తరువాత ఆ ఖోలీలో లేచిన నవ్వుకు పక్క గల్లీలో జనం కిటికీలు తెరిచారు. ఈసారి బాలామణి కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

నేను లేచి, కొంగు సర్దుకుని, గోడ మీది ఎల్లమ్మ పటం ముందు చెయ్యి చాపాను. "మండలి పైసలు మొత్తం నేను కడ్త. చింతపండు నాది. ఇగ నుంచి మండలి పైసలతోని నానేది, ఉబ్బేది, కారేది, చీమలు పట్టేది ఏదీ కొన. పూజ చెప్పినట్టే మూడు భాగాలు. ఎల్లమ్మ తల్లి సాక్షి."

"ఎల్లమ్మ తల్లి ఎందుకు వదినె," అంది నర్సుబాయి, "నీ ఎఫ్‌డీ సాక్షి అను. అప్పుడు నమ్ముతం."

అదీ అన్నాను.

మరునాడు పొద్దున్న బ్యాంకు తెరవకముందే పూజనూ బాలామణినీ వెంటబెట్టుకుని వెళ్లి నిలబడ్డాను. కౌంటరు పిల్ల, ఇంకో నాలుగు నెలలు ఆగితే వడ్డీ మొత్తం వస్తుందని రెండుసార్లు చెప్పింది. ఆగేది లేదన్నాను. ఫారంలో ఎందుకు తీస్తున్నారో రాయమని ఒక గడి ఉంది. పూజ పెన్ను తీసింది. నేనే లాక్కుని, కూడబలుక్కుని, తెలుగులో రాశాను: చింతపండు. ఆ పిల్లకు తెలుగు రాదు. ముద్ర వేసి డబ్బిచ్చింది. పదకొండింటికి సునీత ఫీజు కట్టి, బస్సు చార్జీ మిగులుతుందని ముగ్గురం వానలో నడిచే ఇంటికొచ్చాం.