అయిదో నెల మొహం, పదో నెల కాళ్ళు

మా ఇంట్లో నా బొమ్మలకు ముహూర్తం పెట్టేవి మా ఆయన స్టీల్ ప్లాంటు షిఫ్టులే. సీ షిఫ్టయితే పగలంతా నిద్ర. కుంచె కడిగే గిన్నె చప్పుడైనా కసురుకునేవారు. బీ షిఫ్టయితే మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. టీ అని ఒకసారి, టిఫిన్ అని ఒకసారి, తువ్వాలు ఎక్కడని ఒకసారి. ఇక మిగిలింది పొద్దున్నే వెళ్ళిపోయే ఏ షిఫ్టు. మూడు వారాలకు ఒక్క వారం నేను చిత్రకారిణిని! మిగతా రెండు వారాలూ ఏమిటో నన్నడక్కండి.

తొంభైల చివర, మల్కాపురంలో అద్దె ఇల్లు. పాపకు అయిదో నెల. చేపలమ్మే ఆవిడ వీధులన్నీ తిరిగి, చివర్లో మా వరండాలో తట్ట దించి, టీ తాగి వెళ్ళేది. ఒకరోజు పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపు ఆగింది. నా చేతులు ఖాళీ అయ్యాయి. ఎన్నాళ్ళకు! ఆ ఇద్దరినీ అలాగే వెయ్యడం మొదలుపెట్టాను. ఊళ్ళో జరగబోయే ప్రదర్శనకు పంపాలని నా పట్టుదల. పెళ్ళయ్యాక ఒక్క బొమ్మా గడప దాటలేదు మరి. ఇదీ పోతే కుంచెలు అటకెక్కుతాయని నాకు తెలుసు.

మొహం ముందు వేశాను. ఆపైన పాపకు జ్వరం, తర్వాత మా అత్తగారి రాక, ఆరని రంగు మీద రేవు నుంచి వచ్చే నల్లదుమ్ము పడితే గీకి మళ్ళీ వెయ్యడం. ఓపిక చచ్చిపోయేది. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పాపకు పదో నెల.

ఆ తేడా ముందు పట్టుకుంది చేపలావిడే. "ఏటమ్మా ఇది? మొకం అప్పటిది, కాళ్ళు ఇప్పటివి! నీ బొమ్మ కన్నా పిల్లే బేగి పెరిగిపోతంది" అని పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నిజం కాబట్టి మరీ మండింది.

బొమ్మ ఇచ్చెయ్యాల్సిన ముందురోజు పొద్దున పాదాలొక్కటే మిగిలాయి. పాప ఒళ్ళో నిలిస్తేగా! బిస్కెట్టిచ్చాం, గరిటె ఇచ్చాం. ఉన్నట్టుండి జారి దిగి, తట్ట అంచు పట్టుకుని లేచి, అది వదిలేసి, నా వైపు మూడడుగులు వేసింది.

"నడిసీసింది! నీ కూతురు నడిసీసిందమ్మా, సూసినావా?"

చూశాను.

"కూర్చోబెట్టు. రెండు నిమిషాలు, పాదాలు అయిపోతాయి" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగింది. చేతులు చాచి నా దగ్గరికి వస్తున్న పిల్లను నడుం పట్టి వెనక్కి తీసుకుని ఒళ్ళో కూర్చోబెట్టింది. పాప ఏడుస్తూనే ఉంది. నేను పాదాలు పూర్తి చేశాను.

బొమ్మ ప్రదర్శనకు వెళ్ళింది. తల్లిప్రేమ ఉట్టిపడుతోందన్నారు.

పాదాలు పూర్తయిన రోజు మధ్యాహ్నం ఆయన డ్యూటీ నుంచి రాగానే పాప నడిచిందని చెప్పాను. "అరె! నీ దగ్గరికే వచ్చిందా? నువ్వేం చేశావు?" అని మురిసిపోయారు.

"ఏం చేస్తాను, ఎత్తుకున్నాను" అన్నాను.

కొన్నేళ్ళకు పాప పెద్దదై, బళ్ళో ఏదో రాయాలని అదే మాట అడిగింది. ఎత్తుకున్నాననే చెప్పాను. నోటుపుస్తకంలో రాసుకుంది.