నెత్తురుబండ పేరు

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్ బిల్డింగ్ సైటులో ఇనుప చువ్వ తగిలి పెదవి పగిలింది. నోట్లో నెత్తురు రుచికి మా ఊరి నెత్తురుబండ గుర్తొచ్చింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక మేడమ్ మా చేల పేర్లు, వాటి అర్థాలు రాసుకోవడానికి వచ్చింది. మేము కౌలుకు చేసే పటేల్ పొలంలోనే ఆ బండ ఉంది. పటేల్ కూడా అక్కడే ఉన్నాడు.

"రాయి ఎర్రగుంటది మేడమ్, గందుకే ఆ పేరు," అన్నాడు బాపు.

"కాదు బాపూ! పటేల్ వాళ్ల తాత మన ముత్తాత తల గీడనే పలగ్గొట్టిండని అవ్వ చెప్పింది గదా!"

బాపు నా మూతి మీద గుద్దాడు. కింద పడితే తన్నాడు. పన్ను ఊడి బండ మీద పడింది.

"పోరనికి అన్నీ అబద్ధాలే పటేలా," అన్నాడు.

మేడమ్ 'ఎర్ర రాయి' అని రాసుకుంది.

కౌలు పోతే మాకు తిండి లేదని అప్పుడు నాకు తెలీదు. బాపు ఇప్పుడు లేడు. అందుకే రాస్తున్నాను: నెత్తురుబండ అంటే మా ముత్తాత లింగయ్యను చంపిన బండ.